సత్కర్మకు పద్దు పుస్తకమా?

పౌరులు నిత్యజీవితంలో చేసే పర్యావరణ హితమైన పనులను, పరోపకారాలను నమోదు చేసి ప్రోత్సహించే యాప్‌లను రూపొందించాలన్న ఉత్సాహం ఇటీవల కార్యాలయాలలోను, విద్యాసంస్థలలోను బలపడుతున్నది. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో భారతదేశం ప్రతిపాదించిన ‘పర్యావరణం కోసం జీవనశైలి’ ఉద్యమం 2022 అక్టోబరు 20న గుజరాత్‌లోని ఏక్తానగర్‌లో లాంఛనంగా ఆరంభమైంది. దానికి అనుబంధంగా కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2023 మే నెలలో ‘మేరీ లైఫ్’ యాప్‌ను విడుదల చేసింది. నీటిని, విద్యుత్తును ఆదా చేయడం, ప్లాస్టిక్ వాడకాన్ని తగ్గించడం వంటి పనులను అది ఆట పద్ధతిలో పౌరుల ముందుంచింది. ఆశయం శ్లాఘనీయం. అయితే ఈ బాటలో రాబోయే యాప్‌లు మంచితనానికి మార్కులు వేసే పద్ధతిని ఆశ్రయించరాదని నా వాదన.

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని షాదీపూర్‌నే తీసుకుందాం. ఈ నగరానికి ధనీఖారి జలాశయమే ప్రధానాధారం. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే ద్వీపమైనప్పటికీ, వానలు ఆలస్యమైన ఏడాది నీటిని వంతులవారీగా వదలక తప్పదు. వంతు వచ్చిన రోజున పీపాలు నింపుకొని, బియ్యం కడిగిన నీటిని కరివేపాకు మొక్కకు పోసే గృహిణి తన పొదుపును ఎక్కడా నమోదు చేయదు. మేడమీద పెద్ద ట్యాంకు ఉన్న గృహస్థుడు స్నానం రెండు నిమిషాలు ముందుగా ముగించి, ఆ సంగతి ఫోనులో నమోదు చేస్తే అతనికి పాయింట్లు దక్కుతాయి. లేమిలో పుట్టిన పొదుపు కంటికి కనబడదు. కలిమిలో చేసిన చిన్న సర్దుబాటు పతకం పొందుతుంది. ఇటువంటి లెక్క న్యాయమైనది కాజాలదు.

సత్ప్రవర్తనకు పట్టీ రాయడం ఈ ద్వీపాలకు కొత్త కూడా కాదు. 1858లో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ ఖైదీల వలసను నెలకొల్పింది. ఏళ్ల తరబడి మంచి నడవడిక చూపిన ఖైదీకి ‘టికెట్’ ఇచ్చేవారు. దానితో అతడు సొంతంగా సాగుచేసుకొని బతకడానికి, అనుమతి పొంది పెళ్లి చేసుకోవడానికి వీలు కలిగేది. షాదీపూర్ పేరులోని పెళ్లి మాట చరిత్ర విద్యార్థికి ఆ రోజులనే స్ఫురింపజేస్తుంది. నడవడికను పైవాడు తూచి, ప్రతిఫలం పంచే ఆ విధానం బందీల కోసం ఏర్పడినది. స్వతంత్ర దేశపు పౌరునికి అది ఎంత మాత్రమూ తగదు.

పాయింట్ల కోసం మొదలుపెట్టినా అలవాటు నిలుస్తుంది కదా అని కొందరంటారు. చిన్నపిల్లల విషయంలో అది కొంత నిజం కావచ్చు. కానీ బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త రిచర్డ్ టిట్మస్ 1970లో రక్తదానంపై వెలువరించిన గ్రంథంలో, ప్రతిఫలం ప్రవేశించిన చోట దానబుద్ధి సన్నగిల్లుతుందని వాదించాడు. పాయింట్లు ఆగిన నాడు పొరుగింటి వృద్ధురాలికి మందులు తెచ్చిపెట్టే చేయి కూడా ఆగిపోతే, మనం పెంచింది దయను కాదు, బేరాన్ని. 2004 డిసెంబరు 26 సునామీ తరువాత ఈ నగరంలోని శిబిరాలకు చేరిన నిర్వాసితులను ఆదుకున్నవారు ఏ పట్టికలో స్థానం కోసం పరుగెత్తారు?

అలాగని యాప్ వద్దనడం లేదు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చిన తరువాత ఇక్కడ అది ఉపయోగపడే సాధనమే. ఏ వీధికి ఏ రోజున నీరు వదులుతారో, పొడిచెత్త బండి ఎప్పుడు వస్తుందో, ఏ ఇంట ఎవరికి తోడు కావాలో అది తెలపాలి. 2011 జనగణన ప్రకారం ఈ ద్వీపాలలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. కనుక హిందీ, బెంగాలీ, తమిళాలతోపాటు తెలుగులోనూ పలకాలి. లెక్కలు అడగవలసి వస్తే ముందుగా కార్యాలయాలను అడగాలి: చెప్పిన రోజున నీరు వదిలారా, వేరుచేసి ఇచ్చిన చెత్తను మళ్లీ ఒకే గుట్టలో కలిపారా? పద్దు పుస్తకంలో మొదట ఉండవలసినది మన పేరే; పౌరుని మంచితనాన్ని అతని మనస్సాక్షికి వదిలివేద్దాం.