రన్‌వే కింద పహాణీలు

శంషాబాద్ చరిత్ర 2008 మార్చిలో విమానం దిగినప్పుడే మొదలైనట్టు మాట్లాడుతున్నరు. అంతకు ముందు అక్కడ రాళ్లు రప్పలేనట! రాళ్లకు ఎవడైనా శిస్తు కడతాడా?

ఊరి పేరే పైగా నవాబుల షంసుల్ ఉమ్రా బిరుదు మీద వచ్చింది. 1949లో జాగీర్లు రద్దయినయ్. 1950 కౌలుదారీ చట్టం దున్నేటోన్ని రక్షిత కౌలుదారు అన్నది. 1954-55 కాస్రా పహాణీలో పట్టా ఎవరిదో, సాగు ఎవరిదో రెండూ రాసిన్రు.

మరి విమానాశ్రయానికి దాదాపు 5,500 ఎకరాలు తీసుకున్ననాడు? ఇంగ్లిషోళ్ల 1894 చట్టం నడుస్తున్నది. అందులో పునరావాసం అన్న మాటే లేదు. భూమి లేని కూలికి చోటే లేదు. ఆ మాట చట్టంలోకి ఎక్కింది 2013లో. అప్పటికి విమానాలు దిగబట్టి ఐదేండ్లు! చట్టం మన ఊరికి ఎప్పుడూ ఆలస్యంగానే వస్తది, కొలత గొలుసు మాత్రం ముందే వస్తది.

2020లో ధరణి తెచ్చి అనుభవదారు కాలమ్‌నే ఎత్తేసిన్రు. 1954లో గుమాస్తా చేత్తో రాసినంత కూడా కంప్యూటర్‌లో లేకపాయె.

అందుకే అన్నలారా, అక్కలారా, గొలుసు రాకముందే తహసీల్ ఆఫీసుకు పోండి. మీ సర్వే నంబర్ కాస్రా పహాణీ నకలుకు దరఖాస్తు పెట్టి రసీదు తీసుకోండి. దొరకలేదంటే ఆ మాటే రాసిచ్చి సంతకం పెట్టమనండి. ఒక్కరే పోకండి, సంఘాన్ని వెంట తీసుకపోండి.