తూకం తప్పిన బేరం

లేడికి లేచిందే పరుగు అంటారు. ఆ ఆదివారం నా పనీ అంతే అయింది. పాలపాకెట్ కోసం కిందికి దిగినవాణ్ని, రెండు గంటల తర్వాత రెండు వందల నలభై కిలోల పాత పుస్తకాలతో ఇంటికొచ్చాను. పాలు మాత్రం మర్చిపోయాను.

మా వీధి చివర ఇంట్లో ఉండే లెక్చరర్ గారు నిరుడు కాలం చేశారు. కొడుకు అమెరికా నుంచి వచ్చి ఇల్లు ఖాళీ చేయిస్తున్నాడు. గేటు ముందు తోపుడు బండి, దాని పక్కన వేలాడుతున్న కాటా, కింద తాళ్లతో బిగించిన పుస్తకాల కట్టలు. పాత సామాన్లతను కిలో పన్నెండు అంటున్నాడు. ఒక కట్టలో అన్నిటికన్నా పైన మాస్కోలో అచ్చయిన పిల్లల కథల పుస్తకం కనిపించింది. నా చిన్నప్పుడు అదే బొమ్మ, అదే ఎలుగుబంటి. “బాబూ, నేను ఇరవై ఇస్తాను” అన్న మాట నోట్లోంచి ఎలా జారిందో ఇప్పటికీ తెలీదు. “ఇవన్నీ మీకెందుకు అంకుల్?” అన్నాడా అబ్బాయి. “పాత పుస్తకాల వ్యాపారం పెడుతున్నా” అన్నాను. ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది.

పుస్తకాలకు 4,800. ట్రాలీ ఆటోకు 700. లిఫ్టు లేని మూడో అంతస్తుకు మోసిన ఇద్దరికీ కలిపి 800. మొత్తం 6,300. లెక్కపెడితే తొమ్మిది వందల పైచిలుకు పుస్తకాలు తేలాయి. అంటే ఒక్కోటి ఏడు రూపాయలే! తలా యాభైకి అమ్మినా నలభై అయిదు వేలు. ఆ డబ్బుతో ఇంకో రెండు ఇళ్ల పుస్తకాలు, ఆపైన చిన్న మడిగె, దానికో మంచి పేరు... పంచతంత్రంలో పేలపిండి కుండ కింద పడుకుని, పుట్టని కొడుక్కి సోమశర్మ అని పేరు పెట్టిన బ్రాహ్మణుడు మాకు దగ్గరి చుట్టమే అయ్యుంటాడు. మా ఆవిడ మాత్రం “తాను దూర సందు లేదు, మెడకో డోలు” అని ఊరుకుంది. హాల్లో సోఫా బాల్కనీలోకి పోయింది.

కట్టలు విప్పాక అసలు సంగతి బయటపడింది. మూడో వంతు ఎప్పుడో మారిపోయిన సిలబస్ తాలూకు గైడ్లూ, టెస్ట్ పేపర్లూ. ఇంకో వంతులో మొదటి పేజీ లేనివీ, చివరి పేజీ లేనివీ, చెద తిన్నవీ, మధ్యలో ఒక సంపుటం తప్పిపోయిన సెట్లూ. సెట్టులో ఒకటి పోతే మిగతావాటి ధర సగం కావడం కాదు, అసలు ధరే ఉండదని అప్పుడే తెలిసింది. ఎమెస్కో పాకెట్ పుస్తకాలు కొన్ని దొరికాయి. ఆనాటి చవక కాగితం కదా, ముట్టుకుంటే అంచులు అప్పడంలా విరుగుతున్నాయి. కలరా ఉండలూ, ఎండబెట్టిన వేపాకూ తెచ్చి మధ్య మధ్య పెట్టాను. ఖర్చు పద్దులో ఇంకో మూడు వందలు చేరాయి.

అమ్మకం మొదలుపెట్టిన మొదటి గంటలోనే బోణీ అయింది. సోవియట్ పుస్తకాలు పదకొండు, విడి చందమామలు పద్నాలుగు ఫోన్లో ఫొటోలు పెట్టీపెట్టగానే ఎగిరిపోయాయి. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటివాళ్లు మాస్కోలో కూర్చుని తెలుగు చేసిన కాలం అది. మంచి కాగితం, కుట్టిన బైండింగు, చేతికందే ధర. 1991లో సోవియట్ యూనియన్ కూలడంతో ఆ సరుకు రావడం ఆగిపోయింది. చందమామ 1947 జూలైలో మొదలై, కొన్ని తరాలకు చదవడం నేర్పి, అదీ ఆగిపోయింది. ఇప్పుడు వీటిని కొనేవాళ్లు పిల్లలు కాదు, అరవైకి అటూ ఇటూ ఉన్నవాళ్లు. మాసినా చిరిగినా అడగరు. వాళ్లు కొనుక్కుంటున్నది వాళ్ల బాల్యాన్ని. బాల్యానికి బేరమాడరని ఆ గంటలో తెలుసుకుని, తొమ్మిది వందల పుస్తకాలూ అలాగే పోతాయనుకున్నాను.

పోలేదు. ఆ తర్వాత నెల రోజుల్లో అమ్మినవి ముప్పై ఒకటి. యాభై రూపాయల నవలను కొరియర్లో పంపాలంటే అంతకన్నా ఎక్కువవుతోంది. రిజిస్టర్డ్ బుక్ పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబరులో ఎత్తేసింది. 2025 మేలో జ్ఞాన్ పోస్టు అని కొత్తది తెచ్చింది కానీ, అది పాఠ్య, సాంస్కృతిక, మత గ్రంథాల కోసమట. డిటెక్టివ్ నవల ఇందులో దేని కిందికి వస్తుందో కౌంటర్లో వాదించే ఓపిక నాకు లేదు.

చివరికి రెండు సంచులు భుజాన వేసుకుని ఆబిడ్స్ వెళ్లాను. ఆదివారం అక్కడి షాపులు షట్టర్లు దించగానే వాటి ముందు ఫుట్‌పాత్ అంతా పుస్తకాల సంత అవుతుంది. ఇలాంటి సంతలన్నీ ఇంకొకరి గడప మీద బతికేవే. ఢిల్లీ దరియాగంజ్ వాళ్లను 2019లో రోడ్డు మీంచి లేపి మహిళా హాట్‌లోకి పంపారు. మద్రాసులో తెలుగువాళ్లు కూడా తిరిగి తిరిగి పుస్తకాలు ఏరుకున్న మూర్ మార్కెట్ 1985లో తగలబడిపోయింది. ఆబిడ్స్ సంత ఇంకా ఉంది. అక్కడ నేను పాతికేళ్లుగా కొనేవాణ్ని. అమ్మడానికి వెళ్లడం అదే మొదలు.

నాకు తెలిసిన పెద్దాయన నా సంచులు బోర్లించి, పేకముక్కలు పంచినట్టు రెండు నిమిషాల్లో మూడు కుప్పలు చేశాడు. “గివి కొంట. గివి వద్దు. గివి తూకానికేయుండ్రి.” కొంటానన్న కుప్పలో నేను పనికిరావనుకున్న జ్యోతిషం, ఆయుర్వేదం ఉన్నాయి. వద్దన్న కుప్పలో నేను ముద్దుగా చూసుకున్న కవిత్వమంతా ఉంది.

“ఎట్లా చెప్తున్నావు?” అన్నాను.

“మీరు పుస్తకం సూసి కొన్నరు సార్. మేం గట్ల కొనం. పుస్తకం చేతవట్టంగనే గిరాకీ యాదికి రావాలె. వస్తే కొంటం, రాకపోతే లేదు.”

కవిత్వం అమ్మవా మరి అంటే నవ్వాడు. “అమ్ముత. గైడ్లు అన్నం పెడ్తయి, గివి ఇజ్జత్ పెడ్తయి. ముందుగాల అన్నం గావాలె కద.”

నా సంచి అడుగున ఒక బైండు ఉంది. వారపత్రికలో వచ్చిన సీరియల్‌ను వారం వారం చించి, దారంతో కుట్టి, పాత క్యాలెండర్‌తో అట్ట వేసి, మీద సిరాతో పేరు రాసుకున్నారు ఎవరో ఇల్లాలు. ఏడో భాగం ఆవిడకు దొరికినట్టు లేదు. ఎక్కడో అరువడిగి చదివి, ఆ వారం కథను రూళ్ల కాగితం మీద తన చేత్తో రాసి, సరిగ్గా ఆ చోట కుట్టింది. పెద్దాయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. ఏ కుప్పలోనూ వేయకుండా నా చేతికిచ్చాడు. “దీనికి గిరాకీ లేడు సార్. ఇంట్ల పెట్టుకోండ్రి.”

తిరుగు బస్సులో ఆలోచిస్తే నా తప్పు అర్థమైంది. పుస్తకాల మీద మోజు ఉంటే చాలు వ్యాపారం చేయొచ్చనుకున్నాను. మోజున్నవాడు పోగేస్తాడు. తొమ్మిది వందల్లో నూట నలభై ‘ఇవి మాత్రం అమ్మను’ అని నేను అప్పటికే పక్కన పెట్టేశాను. పుస్తకం చదివిన మనిషి పోయాక దాని బతుకు ఫుట్‌పాత్ పెద్దాయన లాంటి వాళ్ల చేతుల్లో ఉంది. ఫలానా పుస్తకం కోసం ఫలానా మనిషి తిరుగుతున్నాడని గుర్తుంచుకోవడం వాళ్ల చదువు. దానికి మనం ఏ పట్టా ఇవ్వలేదు.

మిగిలినవి ఊరికే ఇస్తానని ఒక గ్రంథాలయానికి వెళితే, “ఉన్నవాటికే చోటు లేదండీ” అన్నారు. వాళ్ల ఇబ్బంది వాళ్లది. కానీ 1960 నాటి చట్టం కింద మనం ఆస్తిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ పైసల్లోంచి జిల్లాకొక మనిషిని, ఆబిడ్స్ పెద్దాయనకున్నలాంటి కళ్లున్న మనిషిని, పెట్టుకోలేమా? ఏ ఇంట్లోనైనా పుస్తకాలు కాటా ఎక్కే ముందు ఒక్క పూట వచ్చి చూసి, దేన్ని ఎక్కడికి చేర్చాలో చెబితే చాలు. అన్నీ దాచమని అడగడం లేదు. ఏది దాచాలో తెలిసినవాడు చూశాకే తూకానికి వెళ్లాలంటున్నాను.

మొన్న ఆదివారం సోఫా హాల్లోకి తిరిగొచ్చింది. ఇరవైకి కొన్నవాటిలో మూడు బస్తాలు అదే పాత సామాన్లతనికి అదే పన్నెండు చొప్పున వేశాను. కాటా మీద బస్తా ఎత్తుతూ మూతి దగ్గరున్న అట్ట లేని హోమియో పుస్తకాన్ని లాగాడు. రెండు పేజీలు తిప్పి, దుమ్ము దులిపి, బండి మీద సీటు కింద విడిగా పెట్టాడు.

“అదెందుకు?” అన్నాను.

“ఆ పక్క కాలనీల ఒక సార్ ఉన్నడు. రెండేండ్ల సంది గిదే అడుగుతున్నడు.”

నేను దాన్ని మూడుసార్లు చేత్తో పట్టుకుని, మూడుసార్లూ చిత్తుకాగితాల్లోనే వేశాను.

— పాతకాపు