గట్టు తెగిన ఏరు

వేంపల్లె పక్కనే పాపఘ్ని పారుతుంది. పాపాన్ని హరించేదని ఆ పేరుకు అర్థం. కర్ణాటక కొండల్లో పుట్టి, గండి దగ్గర కొండల నడుమ దారి చేసుకుని, వేంపల్లెను దాటి, కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. చాలా నెలలు ఇసుకగానే కనిపించే ఈ ఏట్లో నాలుగు రోజులు నీళ్లు పారాయంటే చాలు, చుట్టుపక్కల బోర్లలో ఊట పెరుగుతుంది. అరటితోటలు, చీనీతోటలు తెప్పరిల్లుతాయి. ఆ ఏరే 2021 నవంబరులో వరదై వచ్చినప్పుడు కమలాపురం దగ్గర రోడ్డు వంతెన కూలిపోయింది.

నీళ్లు అవే. గట్ల మధ్య పారినంత కాలం బతుకునిచ్చాయి. గట్లు దాటాక ఎదురొచ్చినదాన్నల్లా ఊడ్చుకుపోయాయి.

మనిషి బతుకులో సుఖం కూడా అంతే. కడుపు నిండా తినడం, కంటి నిండా నిద్ర, పిల్లలతో సినిమా, నలుగురితో నవ్వులు... ఇవేవీ తప్పు కాదు. క్రైస్తవమంటే సుఖాన్ని చూసి ముఖం తిప్పుకునే మతమని కొందరు అనుకుంటారు. బైబిలు అలా చెప్పదు. యోహాను సువార్త ప్రకారం యేసు చేసిన మొదటి అద్భుతం ఒక పెళ్లింట్లో జరిగింది. కానా ఊళ్లో ద్రాక్షారసం అయిపోయి పెళ్లివారు తలవంచుకోవలసిన వేళ ఆయన ఆ ఇంటి పరువు నిలబెట్టాడు. అందరి ఇళ్లలోనూ కూర్చుని భోంచేస్తున్నాడని, తిండిపోతని గిట్టనివాళ్లు ఆయన్ను ఆడిపోసుకున్నారు కూడా. దేవుడు అన్నిటినీ అనుభవించడానికే ధారాళంగా ఇస్తాడని తిమోతికి పౌలు రాశాడు.

అదే పౌలు తిమోతికి రాసిన రెండో లేఖలో, కడపటి రోజుల్లో మనుషులు ఎలా తయారవుతారో ఏకరువు పెట్టాడు. అహంకారులు, కృతజ్ఞత లేనివాళ్లు, నమ్మకద్రోహులు... ఆ వరుస చివర్లో ఇంకొకరిని చేర్చాడు. దేవుడికి దక్కాల్సిన ప్రేమను సుఖానికి ధారపోసేవాళ్లు! ఆయన తప్పుపట్టింది సుఖాన్ని కాదు. దాన్ని దేవుడి పీఠం మీద కూర్చోబెట్టడాన్ని.

ఆ పీఠం ఎక్కాక సుఖం ఊరుకోదు. కానుకలు అడుగుతుంది. మొదట సమయం, తర్వాత డబ్బు, ఆ తర్వాత మాట, పరువు, చివరికి ఇంట్లోవాళ్ల కన్నీళ్లు. ఒకప్పుడు పేకాటకైనా తాగుడుకైనా మనిషి కాళ్లతో నడిచి వెళ్లాల్సి వచ్చేది. దారిలో ఎవరో ఒక పెద్దమనిషి ఎదురయ్యేవాడు. ఇప్పుడు ఫోను రూపంలో అన్నీ మంచం మీదికే వచ్చేశాయి. ఆన్‌లైన్ పందేలను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే నిషేధించింది. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2025లో పార్లమెంటు కూడా చట్టం చేసింది. చట్టం బయటి గట్టు మాత్రమే. లోపలి గట్టు ఎవరికి వారు వేసుకోవాల్సిందే.

వదిన పెట్టిన షరతు

సుఖలాలస నుంచి బయటపడిన మనిషి కథ రాయలసీమకు కొత్తది కాదు. వేమన యౌవనంలో ఒక వేశ్య మోహంలో ఇల్లు మరచి తిరిగాడని జనం చెప్పుకుంటారు. ఆమె వేమన వదిన నగ కావాలని అడిగిందట. వదిన కాదనలేదు. ‘‘ఇస్తాను మరిదీ, కానీ నగ పెట్టుకునేటప్పుడు ఆమెను ఒక్కసారి పరకాయించి చూడు’’ అని షరతు పెట్టిందట. చూసిన వేమనకు మోహం విరిగిపోయిందని కథ. ఇది చరిత్రా, కల్పనా అన్నది పండితుల మాట. తెలుగువాళ్లు మాత్రం దాన్ని వదులుకోలేదు. 1947లో కె.వి.రెడ్డి ‘యోగి వేమన’ తీస్తే, భోగి యోగిగా మారిన ఆ మనిషిని నాగయ్య రూపంలో జనం కళ్లారా చూశారు.

వేమన పద్యాలను వెదికి, పోగుచేసి, 1829లో అచ్చు వేయించిన సి.పి.బ్రౌన్ ఉద్యోగరీత్యా 1820లో కడపకు వచ్చినవాడే. ఆయన తండ్రి డేవిడ్ బ్రౌన్ కలకత్తాలో క్రైస్తవ మతగురువు. భోగాన్ని వదిలిన యోగి మాటలు ఒక మతగురువు కొడుకు చేతుల మీదుగా అచ్చుకెక్కడం విచిత్రమే.

వేమన కథలో గమనించాల్సిన విషయం ఒకటుంది. ఆయనకు విరక్తి ఒక్క క్షణంలో కలిగింది. విరక్తి కలగడం పెద్ద సంగతేమీ కాదు. మన పెద్దలు పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని మూడు పేర్లు పెట్టి మరీ నవ్వుకున్నారు. రాత్రి తాగినవాడికి పొద్దున్నే తాగుడంటే అసహ్యం పుడుతుంది. జీతం డబ్బులు పందెంలో పోగొట్టుకున్నవాడు ఫోను పగలగొట్టాలనుకుంటాడు. సాయంత్రానికి ఆ అసహ్యం ఆవిరైపోతుంది. వేమన విరక్తి నిలిచిందంటే కారణం, ఆయన అక్కడితో ఆగకపోవడమే. పోయిన మోహం స్థానంలో అంతకంటే పెద్ద వెదుకులాట ఒకటి వచ్చి కూర్చుంది.

ఊడ్చిన ఇల్లు

సరిగ్గా ఇదే సంగతిని యేసు ఒక చిన్న కథగా చెప్పాడు. మత్తయి సువార్త పన్నెండో అధ్యాయంలో ఉంది. ఒక మనిషిని వదిలిపోయిన దయ్యం ఎక్కడా నిలువ నీడ దొరక్క మళ్లీ పాత ఇంటికే వచ్చి చూసింది. ఇల్లు శుభ్రంగా ఊడ్చి, చక్కగా సర్ది ఉంది. కానీ లోపల ఎవరూ లేరు. ఇంకేం, తనకంటే చెడ్డవాటిని మరో ఏడింటిని వెంటబెట్టుకుని వచ్చి కాపురం పెట్టింది.

ఆ ఇంటి తప్పు మురికి కాదు, ఖాళీ. చెడు అలవాటు మానినవాళ్లలో చాలామంది ఓడిపోయేది ఇక్కడే. తాగుడు మానేస్తారు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు ఏం చేయాలో ఆలోచించరు. ఖాళీగా ఉన్న ఆ మూడు గంటలే పాత నేస్తానికి తలుపు తీస్తాయి. స్కాట్లండ్‌కు చెందిన థామస్ చామర్స్ అనే బోధకుడు పంతొమ్మిదో శతాబ్దంలో దీని మీదే ఒక ప్రసంగం చేశాడు. పాత ప్రేమను మనిషి ఉత్త చేతులతో గెంటలేడని, కొత్త ప్రేమ వచ్చి దాన్ని గెంటేయాలని ఆయన వాదం. ఆ ప్రసంగం నేటికీ చదువుతున్నారు.

కళ్లు మూసుకున్న అలీపియస్

సుఖంతో జరిపిన పోరును దాచుకోకుండా రాసిపెట్టినవారిలో అగస్టీన్ ముందుంటాడు. క్రీస్తు శకం 354లో ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తేలో, అంటే నేటి అల్జీరియాలో పుట్టాడు. తెలివైనవాడు. చదువుకోసం కార్తేజ్ నగరం వెళ్లి నాటకాలు, మోహాల మధ్య మునిగిపోయాడు. తల్లి మోనికా కొడుకు కోసం ఏళ్ల తరబడి కన్నీళ్లతో ప్రార్థించింది. ఆ కొడుకూ ప్రార్థన చేయకపోలేదు. ఇంద్రియనిగ్రహం ఇమ్మని దేవుణ్ని వేడుకుంటూనే, ఆ వరం కాస్త ఆలస్యంగా అందితే బాగుండునని లోలోపల కోరుకున్నాడట. ‘రేపటి నుంచి మానేస్తా’ అనే ప్రతి ఇంటి మాటకూ ఇది తాతలాంటిది!

ఆయన రాసిన ‘ఒప్పుకోళ్లు’ గ్రంథంలో స్నేహితుడు అలీపియస్ కథ ఒకటి వస్తుంది. ఈ అలీపియస్ న్యాయశాస్త్రం చదవడానికి రోము వెళ్లాడు. ఆ రోజుల్లో అక్కడ మనుషులు కత్తులతో పొడుచుకుని చావడం జనానికి వినోదం. అతనికి అదంటే రోత. ఒకనాడు స్నేహితులు బలవంతంగా లాక్కుపోయారు. ఒళ్లు మాత్రమే మీ వెంట వస్తుంది, మనసు రాదు అంటూ వెళ్లి కూర్చుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు. చెవులు మూసుకోవడం మరిచాడు. ఎవరో పడ్డారు. జనం ఒక్కసారిగా హోరెత్తారు. ఏం జరిగిందో చూద్దామని కళ్లు తెరిచాడు. అంతే. నెత్తురు చూశాక ఇక చూపు తిప్పుకోలేకపోయాడు. వచ్చినప్పటి మనిషి వేరు, వెళ్లేటప్పటి మనిషి వేరు. తర్వాత తాను పోవడమే కాదు, ఇతరులనూ వెంట తీసుకుపోవడం మొదలుపెట్టాడు.

పదహారు వందల ఏళ్ల కిందటి కథ ఇది. ‘ఒక్క బంతి చూసి పడుకుంటా’, ‘ఊరికే కూర్చుంటా, తాగను’ అనేవాళ్లకు నిన్నటి కథలా ఉంటుంది. అలీపియస్‌కు చెడు ఏదో తెలుసు. దాని మీద అసహ్యమూ ఉంది. లేనిది దూరం. తన సంకల్పం మీద తనకున్న అతి నమ్మకమే అతణ్ని ముంచింది. ఆదికాండంలో యోసేపు తెలివి ఇక్కడే కనిపిస్తుంది. యజమాని భార్య బట్ట పట్టుకున్నప్పుడు వాదించుకుంటూ నిలబడలేదు. పైబట్ట వదిలేసి పరుగెత్తాడు. కొన్ని పోరాటాల్లో పరుగే గెలుపు.

386లో మిలాన్ నగరంలో ఒక ఇంటి తోటలో అగస్టీన్ తన బలహీనతకు తానే కుమిలి ఏడుస్తుండగా, పక్కింట్లోంచి ఒక పసిగొంతు పుస్తకం తీసి చదవమన్నట్టు వినిపించింది. పౌలు రోమీయులకు రాసిన లేఖ తీశాడు. అల్లరి విందులు, కామాలు వదిలి క్రీస్తును వస్త్రంలా ధరించుకోవాలనే భావం గల మాటలు కంటపడ్డాయి. చెడును విప్పి పారేయమని మాత్రమే ఉంటే అదీ ఊడ్చిన ఇల్లే అయ్యేది. తొడుక్కోవాల్సిందేమిటో కూడా అక్కడ ఉంది. ఆ తోటలో అలీపియస్ కూడా ఉన్నాడు. మరుసటి ఏడు ఈస్టరుకు మిలాన్ బిషప్ అంబ్రోస్ చేతుల మీదుగా ఇద్దరూ బాప్తిస్మం పొందారు. తర్వాతి కాలంలో ఇద్దరూ బిషప్పులయ్యారు. ఒంటరిగా పడిపోయిన మనిషి తోడు దొరికాక నిలబడ్డాడు.

ఇంట్లో చేయదగినవి

ఈ కథలన్నిటినీ కలిపి చూస్తే గట్టు ఎలా వేసుకోవాలో తెలుస్తుంది. మొదటిది, దాచడం మానడం. తప్పులు ఒకరితో ఒకరు ఒప్పుకుని, ఒకరికోసం ఒకరు ప్రార్థించుకోవాలని యాకోబు తన పత్రికలో రాశాడు. చీకట్లో బలిసే అలవాటు, నమ్మకమైన ఒక్క మనిషికి చెప్పగానే సగం చిక్కిపోతుంది. రెండోది, దూరం. రాత్రి ఫోను పడకగదిలోకి రాకపోవడం, పాత గుంపు కూర్చునే వీధిలోంచి నడవకపోవడం చిన్న విషయాలే. పెద్ద సంకల్పాల కంటే ఇవే ఎక్కువ పనిచేస్తాయి.

మూడోది ఉపవాసం. ఈస్టరుకు ముందు నలభై రోజులు క్రైస్తవులు శ్రమల కాలంగా పాటిస్తారు. ఆ రోజుల్లో ఇష్టమైనదొకటి మానుకోవడం శరీరాన్ని శిక్షించడానికి కాదు. ఇంట్లో యజమాని ఎవరో తేల్చుకోవడానికి. ఉపవాసమంటే తలవంచుకుని కూర్చోవడం కాదని, ఆకలిగొన్నవాడితో అన్నం పంచుకోవడమని యెషయా ప్రవక్త ఏనాడో హెచ్చరించాడు. మానుకున్న సుఖం ఖరీదు ఎవరి ఆకలో తీరిస్తే ఖాళీ దానంతటదే నిండుతుంది.

నాలుగోది, కృపను నమ్ముకోవడం. గలతీయులకు రాసిన పత్రికలో ఆత్మఫలాల వరుసలో ఆశానిగ్రహం చివర ఉంది. ప్రేమ మొదట ఉంది. దాన్ని ఫలమన్నాడు పౌలు. ఫలం ఒక్క రాత్రిలో కాయదు. మధ్యలో జారిపడితే లేచి నడవాలి తప్ప, ‘ఎలాగూ పడ్డాం కదా’ అని అక్కడే పడుకోకూడదు.

ప్రార్థన ఉంది కదా, వైద్యుడెందుకు అనడమూ సరికాదు. జూదం వ్యసనాన్ని, డిజిటల్ ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోనే చేర్చింది. తాగుడు ముదిరినవాడు ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికే రావచ్చు. డాక్టరు సలహా తీసుకోవాలి. మానసిక సహాయానికి ప్రభుత్వ ఉచిత ఫోను టెలి మానస్ 14416 ఉంది. లూకా సువార్త రాసిన లూకా స్వయంగా వైద్యుడే.

ఇక కుటుంబం. లూకా పదిహేనో అధ్యాయంలో ఆస్తి పంచుకుని దూరదేశం పోయిన చిన్న కొడుకు కథ అందరికీ తెలిసిందే. అందులో తండ్రి చేయని పనులు రెండున్నాయి. కొడుకు డబ్బంతా తగలేసి పందులు మేపుతున్నప్పుడు ఆ దేశానికి మళ్లీ డబ్బు పంపలేదు. అలాగని ఇంటి తలుపుకు గడియా పెట్టలేదు. మళ్లీ మళ్లీ అప్పులు తీర్చే ప్రేమ వ్యసనాన్ని పోషిస్తుంది. తలుపు మూసే కోపం తిరిగొచ్చే దారిని మూసేస్తుంది. ఈ రెండింటి మధ్య నిలబడి దారికేసి చూడటమే ఆ తండ్రి చేసింది. ఎన్నో ఇళ్లలో ఇప్పుడు అమ్మలు, నాన్నలు, భార్యలు నేర్చుకోవలసిన కష్టమైన ప్రేమ అదే.

ఆ కథ ఎలా ముగిసిందో చూడండి. కొడుకు తిరిగొచ్చాక ఇంట్లో చప్పగా ఏమీ లేదు. మంచి బట్టలు కట్టారు. వేలికి ఉంగరం పెట్టారు. విందు వండారు. పొలం నుంచి వస్తున్న పెద్దకొడుక్కి దూరం నుంచే పాట, ఆట వినిపించాయి. ఏ సుఖాన్ని వెదుక్కుంటూ అంత దూరం పోయాడో, ఆ సుఖం నాన్న ఇంట్లోనే ఉంది. అక్కడ దాన్ని కొనుక్కున్నాడు. ఇక్కడ కూర్చోబెట్టి వడ్డించారు.