నిదురించు బాలుడు నేరస్థుడా?

తరగతిలో కునికిపాట్లు పడు బాలుని బల్లపై నిలువబెట్టుట మన పాఠశాలలలో చిరకాలముగ వచ్చుచున్న ఆచారము. వాడు సోమరియని ఉపాధ్యాయుడు నిశ్చయించును, తోటివారు నవ్వుదురు. రాత్రి వాడు నిజముగ నిద్రించెనా యని విచారించువారు అరుదు.

పక్కపై పడుకొన్నంత మాత్రమున నిద్రించినట్లు కాదు. గొంతులోని టాన్సిల్సు, ముక్కు వెనుకనుండు అడినాయిడ్లు పెరిగిన పిల్లలకు నిద్రలో శ్వాసమార్గము మాటిమాటికి మూసికొనిపోవచ్చును. ఊపిరి ఆడనప్పుడు మెదడు ఉలికిపడి నిద్రను చెదరగొట్టును. దీనినే వైద్యులు స్లీప్ ఆప్నియా యందురు. గురక, నోటితో గాలి పీల్చుట, పగటివేళ చిరాకు, చదువుపై మనసు నిలువకపోవుట దీని లక్షణములు.

దీనిని నిర్ధారించుటకు నేటికిని ప్రమాణమైన పరీక్ష పాలీసామ్నోగ్రఫీ. తలకు, ఛాతికి, కాళ్ళకు తీగలంటించుకొని ఒక రాత్రి పరీక్షాగారములో పరుండవలెను. పెద్దలకే నిద్రపట్టని ఆ ఏర్పాటులో పసివాడెట్లు నిద్రించును?

ఈ చిక్కును తీర్చుటకే శరీరమును తాకని సాధనములు వచ్చుచున్నవి. గది మూలనున్న పరికరమునుండి వెలువడు స్వల్పశక్తిగల రేడియో తరంగములు నిద్రించువాని ఛాతికి తగిలి తిరిగివచ్చును. ఊపిరితో ఛాతి లేచిపడుటనుబట్టి ఆ తరంగములు మారును. ఆ మార్పులనుండి కంప్యూటరు శ్వాసను, గుండె కొట్టుకొనుటను లెక్కించును. 2017లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విజ్ఞాన సంస్థ పరిశోధకులు ఈ మార్గమున నిద్రయొక్క దశలను నూటికి సుమారు 80 పాళ్ళు సరిగా గుర్తింపగలిగిరి.

ఇది స్వాగతింపదగినదే. కాని రేడియో తరంగము కదలికను పట్టునేకాని, మెదడులోని విద్యుత్తును నేరుగా కొలువలేదు. కావున ఎవరిని వైద్యునికడకు పంపవలెనో తెలుపుటకు దానిని వాడవలెను, తుదితీర్పు వైద్యునిదే. మఱియు, తాకకుండ చూచు యంత్రము అడుగకుండను చూడగలదు. తల్లిదండ్రుల సమ్మతి లేనిదే పిల్లల పడకగదిలో దానికి చోటుండరాదు. ధనికుల యిండ్లకు అలంకారము కాకముందే అది ప్రభుత్వాసుపత్రులకు చేరవలెను.

కునుకుతీయు ప్రతి బాలుడును రోగి కాడు; అర్ధరాత్రివరకు సెల్‌ఫోను చూచువారును కలరు. నిజమే. అయినను విచారింపక శిక్షించుట న్యాయము కాదు. ఉపాధ్యాయుడు బెత్తమెత్తుటకు ముందు తల్లినొక్కమాట అడుగవలెను: "అమ్మా, పిల్లవాడు రాత్రులు గురక పెట్టునా?" ఈ ప్రశ్నకు ఏ యంత్రమును అక్కరలేదు.