కామా కాపాడిన పిల్లవాడు

ఇంగ్లీషు మన ఇళ్ళల్లోకి వచ్చి చాలా కాలమైంది గాని, కామా మాత్రం ఇంకా వీధి అరుగు మీదే కూర్చుని ఉంది. అర్జీ రాసినా, చీటీ రాసినా దాన్ని లోపలికి రమ్మనేవారు తక్కువ. రమ్మనకపోతే ఏమవుతుందో చూడండి.

‘ఆఫ్టర్ ఈటింగ్ ది చైల్డ్ షుడ్ టేక్ ది టానిక్’ అని ఒక తల్లి బడిలో పంతులమ్మగారికి చీటీ పంపిందనుకోండి. అన్నం తిన్నాక పిల్లవాడు టానిక్కు తాగాలని ఆవిడ భావం. చదివేవారికి ముందు తోచేది మాత్రం, ఎవరో పిల్లవాణ్ణే తినేశారని! ‘ఈటింగ్’ తరవాత ఒక్క కామా పెట్టండి, పిల్లవాడు క్షేమం.

ఈ చిక్కు మనకు చప్పున తట్టకపోవటంలో వింత లేదు. తెలుగులో ‘తిన్నాక’ అనగానే ఆ ముక్క అక్కడితో అయిపోయిందని చెవికి తెలిసిపోతుంది. తినేదేమిటో ఆ మాటకు ముందే చెప్పేస్తాం. ఇంగ్లీషులో అది క్రియ తరవాత వస్తుంది. కనక పక్కన ఏ పేరు కనబడితే దాన్ని క్రియ పట్టుకుంటుంది. మధ్య అడ్డుగోడ కామాయే.

మొదటి ముక్క మరీ చిన్నదైతే, అర్థానికి భంగం లేకపోతే, కామా మానినా తప్పు లేదు. కాని ‘ఇన్ 1953, 11 డిస్ట్రిక్ట్స్ ఫార్మ్‌డ్ ది ఆంధ్ర స్టేట్’ అన్నచోట కామా తీసేస్తే అంకెలు రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి.

ఊపిరి తీసుకునేచోట కామా పెట్టమని చెబుతూంటారు. అది సగమే నిజం. ‘ది మాన్ హూ కేమ్ యెస్టర్‌డే’ అని ఊపిరి తీసుకున్నా, ‘ఈజ్ మై అంకుల్’కు ముందు కామా కూడదు. కర్తనూ క్రియనూ విడదీసిన పాపం వస్తుంది.

అందుకని నేను మా ఇంటి పిల్లలకు చెప్పే ఉపాయం ఇది. మొదటి ముక్కను వేలితో మూసి, మిగిలింది చదవండి. ‘ది చైల్డ్ షుడ్ టేక్ ది టానిక్’ తన కాళ్ళ మీద తాను నిలబడుతుంది. అక్కడ కామా పెట్టండి. ‘ఈజ్ మై అంకుల్’ నిలబడదు, అక్కడ వద్దు.

కామా అనే మాటకు గ్రీకులో ‘కోసిన ముక్క’ అని అర్థం. కోత పడవలసినచోట పడాలి. ఉద్యోగానికి అర్జీ పెట్టే అమ్మాయికి ఎంత తెలివి ఉన్నా, అది చదివే పెద్దమనిషికి కనబడేది ఆ కాగితమే. అర్థం కాలేదని ఆయన రెండోసారి చదువుతాడన్న నమ్మకం ఏమిటి?