గంజాయి పన్ను ఎవరి లాభమునకు?

గంజాయి అమ్మకమును చట్టబద్ధ మొనర్చి పన్ను విధించినచో ఖజానా నిండుననియు, దొంగవ్యాపారము మాయమగుననియు, కొండరైతు బాగుపడుననియు వాదించువారు ఇటీవల మన నగరమున పెక్కుమంది బయలుదేరినారు. అమీరుపేట, పంజగుట్టల హోటళ్లలోను పఠనమందిరములలోను ఈ వాదము తఱచు వినవచ్చుచున్నది. వాదించువారు విద్యావంతులు, వారికి దురుద్దేశము గలదని మేము అనము. కాని ఆ రాబడి ఎవరి చేతినుండి వచ్చును, ఎవరి చేతికి పోవును అను లెక్కను వారు వేసినట్లు కానరాదు.

మొదటి ప్రశ్నకు సమాధానము వెదకుటకు దూరము పోనక్కఱలేదు. జిల్లాలనుండి కంప్యూటరు విద్యకై వచ్చి, ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు చొప్పున హాస్టళ్లలో నుండుచు, ఉద్యోగము దొరకునో దొరకదో యను దిగులుతో కాలము గడపుచున్న యువకులు అమీరుపేట సందులలో వేలకొలది గలరు. వారి చేతిలోనిది తమ సంపాదన కాదు. పొలముమీద అప్పుచేసి తండ్రి పంపిన నెలసొమ్ము. గంజాయిపై విధింపబడు పన్ను అందులోనుండియే రావలెను. దానిని రాబడి యనుటకంటె, రైతుకుటుంబముపై చాటుగా వేసిన రెండవ శిస్తు అనుట న్యాయము.

ఇక లాభ మెవరికి? మద్యపు లెక్కనే చూతము. తెలంగాణములో 2,620 మద్యపు దుకాణములు గలవు. 2023లో వాని లైసెన్సు కోరిన ప్రతి దరఖాస్తునకును రెండు లక్షల రూపాయలు చెల్లింపవలసియుండెను. లాటరీలో దుకాణము రాకున్నను ఆ సొమ్ము తిరిగిరాదు. దరఖాస్తులు లక్షా ముప్పదివేలు దాటినవి. ఒక్క సీసా అమ్ముడుపోక మునుపే సుమారు 2,600 కోట్లు ఖజానా చేరినవి. 2025లో రుసుమును మూడు లక్షలకు పెంచగా దరఖాస్తులు లక్షకు లోపుగానే వచ్చినవి. రాబడి మాత్రము తగ్గలేదు. ఇంత సొమ్మును లాటరీలో ఒడ్డగలవాడు జొన్నచేను దున్నువాడు గాడు. రేపు గంజాయికి లైసెన్సు లిచ్చినను ఆ వరుసలో నిలుచువారు ఈ ధనికులే. చింతపల్లి కొండవాడు అందులో నుండడు.

కొండవానికిది క్రొత్త అనుభవము గాదు. గోదావరి మన్నెములో అతడు తన యింటి వాడుకకై గీచుకొను కల్లును సైతము ఆంగ్లప్రభుత్వము ఆబ్కారీకి లోపఱచి గుత్తదారుల పాలు చేసెను. 1879లో రంప తిరుగుబాటు లేచుటకు అదియొక ముఖ్యకారణము.

అతడిప్పుడు గంజాయి నేల వేయుచున్నాడు? కాఫీమొక్క కాపునకు వచ్చుటకు మూడు నాలుగేండ్లు పట్టును. గంజాయి కొలది నెలలలో చేతికి వచ్చును. దళారి ముందుగానే బయానా ఇచ్చును. అయితే ఆ సరుకు ధరలో పెద్దభాగము మొక్కది కాదు, జైలుభయముది. చట్టబద్ధమైన మఱునాడే ఆ భయము తొలగును, ధరయు పడిపోవును. అప్పుడు మైదానములో బోరునీటితో పదులకొలది ఎకరములు వేయగల ఆసామి ముందు కొండవాడు నిలువజాలడు.

ఇది ఊహ గాదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రము 2014 జనవరిలో బహిరంగపు అమ్మకమును తెఱచెను. 2021లో దానిపై వచ్చిన పన్నులు, రుసుములు 42 కోట్ల డాలర్లు; అది ఆ రాష్ట్రపు బడ్జెటులో నూటికి రెండుపాళ్లయినను లేదు. పొరుగు రాష్ట్రములును దుకాణములు తెఱచుటచేతను, ధర పడిపోవుటచేతను, తరువాత ఆ రాబడియు ఏటేట తగ్గినది. థాయిలాండు 2022 జూనులో ఆంక్షలెత్తివేసి, 2025 జూనులో వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని మరల ఉత్తరువు చేసినది.

చెడ్డయైనచో మనమును అట్లే మానుదుమందురా? 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాపై పోరాటము లేవదీసిరి. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. రెండేండ్లు దాటగానే, 1997లో, ఖజానా ఖాళీయను కారణముతో అది పోయెను. రాబడి మఱగిన ఖజానా తాగుబోతుకంటె మొండిది.

1894 నాటి గంజాయి కమిషను నివేదికను కొందఱు చేతబట్టుకొని వచ్చుచున్నారు. మితముగా సేవించువారికి పెద్దహాని లేదని అది చెప్పినమాట నిజమే. లైసెన్సులును పన్నులును ఉండవలెననియు చెప్పినది. ఆ పన్ను ఏ దొరతనమునకు పోయినదో చదువరులకు చెప్పనక్కఱలేదు. 1921లో కల్లుదుకాణముల యెదుట నిలిచిన వాలంటీర్లు ఆ రాబడినే కాదనిరి.

ఇట్లన్నంత మాత్రమున నేటి చట్టము నడచుచున్న తీరు మాకు సమ్మతమని తలపవలదు. 1985 చట్టము ప్రకారము గంజాయి 20 కిలోలు మించినచో శిక్ష పదేండ్లకు తగ్గదు. న్యాయస్థానములందు మాకు కానవచ్చు ముద్దాయిలు డ్రైవరులు, కూలీలు, మూటమోసిన గిరిజనులు. పెట్టుబడి పెట్టినవాడు బోనెక్కుట అరుదు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపమున కోడూరులో రెండు లక్షల కిలోల గంజాయిని పోలీసువారు తగులబెట్టిరి. నఱికిన చేలో మరల పంట పండువఱకు ఆ కుటుంబమునకు కూడు పెట్టు ఏర్పాటు మాత్రము అంతటి పట్టుదలతో సాగినదని చెప్పజాలము. దళారి గంజాయికి ఇచ్చు బయానాను గిరిజన సహకార సంస్థ కాఫీకి ఏల ఇయ్యరాదు? మత్తు లేని రకమును నారకును గింజకును వేయుటకు ఈ చట్టపు 14వ సెక్షనులోనే దారి గలదు. ఉత్తరాఖండు 2018లో ఆ దారి పట్టినది.

అమీరుపేట యువకుని మాట మిగిలినది. మత్తునకు లోబడినవాడు తానై చికిత్సకు వచ్చినచో, కొద్దిపాటి సరుకు విషయమున, అతనిని అభియోగమునుండి తప్పించు 64-ఎ సెక్షను ఈ చట్టముననే యున్నది. అమీరుపేటకు మెట్రోలో మూడు స్టేషన్ల దూరమున ఎఱ్ఱగడ్డ మానసిక చికిత్సాలయము గలదు. ఈ సంగతి తెలిసిన హాస్టలు విద్యార్థి మాకింతవఱకు తారసపడలేదు. ఆ సెక్షనును తెలుగులో అచ్చువేసి హాస్టళ్ల గోడలకు అంటించుటకు వాలంటీర్లు కావలసియున్నారు.