ఆ వింత పరిటాలలోనూ జరిగింది



గుర్తింపు లేని దేశాల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివి పలమనేరు పాఠకుడొకరికి ఒళ్లు మండింది. ట్రాన్స్‌నిస్ట్రియాకు సొంత రూబుళ్లున్నా ఐక్యరాజ్యసమితిలో ఒక్క సభ్యదేశమూ గుర్తించలేదట. ఉత్తర సైప్రస్‌ను తుర్కియే తప్ప ఎవరూ ఒప్పుకోరట. నిజమే. కానీ "ఇలాంటి వింతలు మన దగ్గర జరగలేదు" అని ముగించడమే విడ్డూరం.

మరి హైదరాబాదు నిజాం సంగతో? హాలీ సిక్కా రూపాయలు, తపాలా బిళ్లలు, సైన్యం, నాకాల దగ్గర కరోడ్‌గిరీ సుంకం, అన్నీ సొంతమే. 1948 ఆగస్టులో భద్రతామండలికి భారత్ మీద ఫిర్యాదూ పంపాడు. మండలి దాన్ని సెప్టెంబరు 16న చేపట్టింది. మర్నాడే నిజాం లొంగిపోయాడు.

అంతకన్నా ముచ్చటైనది పరిటాల. అప్పటి కృష్ణా జిల్లా నడుమ చిక్కుకుపోయిన నిజాం ఇలాకా అది. అక్కడి జనం 1947లో నిజాంను కాదని స్వతంత్ర గణతంత్రం ప్రకటించుకున్నారు. వాళ్లనూ ఏ దేశం గుర్తించలేదు. బెజవాడలో హైదరాబాదు బస్సెక్కితే ఆ ఊరి ఆంజనేయుడి ముందు నుంచే పోవాలి. వ్యాసకర్త నిద్రపోయి ఉంటారు!

ఇక గుర్తింపు సంగతి. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ వేళ, తమిళనాడు వైపు అధికారులు రాష్ట్ర సరిహద్దులోని సాయినగుంట దగ్గర పలమనేరు-గుడియాత్తం రోడ్డుకు అడ్డంగా గోడ కట్టించారు. బారికేడ్ కాదండీ, సిమెంటు ఇటుకల గోడ! ఈ పాఠకుడి వదినకు కిడ్నీ జబ్బు, మందులు అవతల దొరికేవి. సంచి పట్టుకుని బావమరిది అటు, ఈయన ఇటు. గోడ మీదుగా అందుకోబోతే కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. మందుల చీటీ చూపించినా కన్నెత్తి చూడలేదు. దేశమంతా స్వేచ్ఛగా తిరగొచ్చని రాజ్యాంగం 19వ అధికరణం చెబుతుంది. అది ఆ గోడ దాకా రాలేదు కాబోలు. విమర్శలు వచ్చాక గోడ పడగొట్టారు, సరే. అంతదాకా ఆ సరిహద్దును ఏ సమితి గుర్తించిందని?

అన్నట్టు, 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినా మీ పత్రిక శ్రీకాళహస్తి వార్తలను చిత్తూరు జిల్లా పేజీలోనే వేస్తోంది. సొంత జిల్లాల హద్దులే తెలియనివారు ట్రాన్స్‌నిస్ట్రియా హద్దులు గీస్తున్నారు.

బయటివాళ్లు గుర్తించారా అన్నదొక్కటే కొలత కాదు. లోపలి జనం ఒప్పుకున్నారా అని కూడా అడగాలి. నిజాం రాజ్యంలో రైతులు ఒప్పుకోక ఆయుధాలు పట్టారు. పరిటాల జనం తమకు తామే నిర్ణయించుకున్నారు. ఈ తేడా వ్యాసంలో ఎక్కడా లేదు. వచ్చే ఆదివారం ఆ ముగింపు వాక్యాన్ని సవరించి, పరిటాల పెద్దలను కలిసి ఒక పేజీ వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, పలమనేరు